నీ వ్యాసంలో వల ఏదబ్బయ్యా?

అబ్బయ్యా,

నీ క్యాన్సర్ వ్యాసం రెండుసార్లు చదివా. "డీఎన్ఏ దెబ్బతింటే క్యాన్సర్ వస్తుంది" అని మొదట్లోనే తేల్చేశావు, ముందు ఆ వాక్యం కొట్టెయ్. కొత్తలో నేనూ ఎండకీ చర్మ క్యాన్సర్‌కీ ముడిపెట్టి ఇలాగే బెదరగొడితే, మా వీధిలో వరికోతలకు పోయే ఆయన చదివించుకుని "అయితే పొలానికి పోవడం మానుకోవాలా సార్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఎండా పొగా తగలకపోయినా ఒక్కో కణంలో డీఎన్ఏకు రోజూ వేల దెబ్బలు పడుతుంటాయి, ఒంట్లో నీళ్ళున్నందుకే కొన్ని. దాదాపు అన్నీ బాగైపోతాయి. అసలు కథ అది.

మైపాడులో పుట్టి, డీఎన్ఏ మరమ్మతుకు కార్ల షెడ్డుతో పోలికేంటి? మీ నాయన వల బాగుచేసేటప్పుడు చూళ్ళేదా, చిరిగిన పోగులు ముందు కత్తిరించేసి, పక్క కన్నుల కొలత చూసుకుంటూ కొత్త దారం అల్లి ముడేస్తాడు. కణంలోనూ అంతే. డీఎన్ఏ అంటే నాలుగు రకాల అక్షరాలు పేర్చిన రెండు పోగుల జంట. వాటిలో సైటోసిన్ అనే అక్షరం నీటి దెబ్బకు యురాసిల్‌గా మారిపోతుంది, డీఎన్ఏలో దానికి చోటు లేదు, కాబట్టి ఒక ఎంజైమ్, అంటే కణంలో పనిచేసే ప్రోటీన్, దాన్ని ఊడబీకుతుంది, ఇంకోటి అక్కడ పోగు తెంపుతుంది, మూడోది ఎదురు పోగులో దాని జోడీ అక్షరం గ్వానిన్ ఉండటం చూసి మళ్ళీ సైటోసినే పెడుతుంది, నాలుగోది ముడేస్తుంది. ఆ మొదటి ఎంజైమ్‌ను థామస్ లిండాల్ 1974లో పట్టుకున్నాడు. ఎండకు అతుక్కుపోయిన థైమిన్ అనే అక్షరాల జంటను ముక్కగా కోసి తీసే పని అజీజ్ సాంజార్ తేల్చాడు, కణం డీఎన్ఏకు నకలు తీసేటప్పుడు దొర్లే తప్పుల దిద్దుబాటు పాల్ మోడ్రిచ్ తేల్చాడు. ముగ్గురికీ 2015 రసాయన నోబెల్.

అయితే వల పోలిక తెగే చోటు కూడా చెప్పాలి. రెండు పోగులూ ఒకేచోట తెగితే చూసి అల్లడానికి ఎదురు పోగు ఉండదు. తప్పు లేకుండా కట్టాలంటే కణం విభజనకు ముందు తీసిపెట్టుకున్న రెండో నకలు చూడాలి, అందుకు బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జన్యువులు కావాలి. ఒక్కో జన్యువుకు మనలో రెండు ప్రతులుంటాయి. వీటిలో ఏదో ఒకదాని ఒక ప్రతి పుట్టుకతోనే చెడిపోయినవాళ్ళకు, ఏదో కణంలో మిగిలినదీ పోతే తప్పులు పేరుకుపోతాయి. రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెరుగుతుంది, వచ్చి తీరుతుందని మాత్రం రాయకు, జనం టెన్షన్‌తో చస్తారు.

ఇక్కడే నువ్వు రెండు లైన్లలో తోసేసిన ఓలాపరిబ్ అనే క్యాన్సర్ మందు ఉంది. ఒక మరమ్మతు దారి మూసుకుపోయిన ఆ క్యాన్సర్ కణం మిగిలిన దారుల మీద బతుకుతుంటే, పార్ప్ అనే ఎంజైమ్‌ను అడ్డుకుని ఈ మందు వాటిలో ముఖ్యమైనదాన్నీ మూసేస్తుంది. మామూలు కణానికి వేరే దారి ఉంటుంది కాబట్టి చాలావరకు తట్టుకుంటుంది. 2014లో అమెరికాలో అనుమతి వచ్చింది. దీన్ని పెంచి రాయి.

తిరగరాశాక ముందు మీ నాయనకు చదివి వినిపించు. ఆయన ఎక్కడ "ఆగబ్బయ్యా" అంటే అక్కడ పెన్సిల్ గీత పెట్టుకుని, ఆదివారం కావలి రా.