దంపతులకు ఒకే పన్ను లెక్క ఉండదా?

ప్రశ్న: బ్రిటన్‌లో క్రైస్తవ సంస్థలు వివాహితులకు పన్ను రాయితీ కోరుతున్నాయని ఆదివారం ఆరాధన తర్వాత మా సంఘంలో చర్చ జరిగింది. నేను ఉద్యోగం మాని అత్తగారిని, ఇద్దరు పిల్లలను చూసుకుంటున్నాను. మావారి పన్నులో మాకేమైనా వెసులుబాటు ఉందా?
— ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: లేదండీ. మన ఆదాయపు పన్ను మనిషికే గాని జంటకు లెక్కగట్టరు. 2025-26 ఆర్థిక సంవత్సరపు కొత్త పన్ను విధానంలో భార్యాభర్తలు చెరో 7 లక్షలు సంపాదిస్తే పన్ను సున్నా. అదే 14 లక్షల జీతం మీవారొక్కరే తెస్తే సెస్సు (పన్నుపై వేసే అదనపు పన్ను)తో కలిపి 81,900 రూపాయలు కట్టాలి. ఆయన మీ పేరిట డిపాజిట్ వేసినా, ఆ వడ్డీ తిరిగి ఆయన ఆదాయంలోనే కలుస్తుంది. ఉమ్మడి కుటుంబాన్ని పన్నుకు విడిగా లెక్కగట్టే హిందూ అవిభక్త కుటుంబపు వెసులుబాటు క్రైస్తవులకు వర్తించదు.

బ్రిటన్‌లో కేర్ వంటి క్రైస్తవ సంస్థలు బలపరిచిన వివాహ మినహాయింపు 2015 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చింది. ఆదాయం తక్కువున్నవారు తమకున్న పన్ను లేని ఆదాయ పరిమితిలో 1,260 పౌండ్లు భాగస్వామికి బదిలీ చేస్తే ఏడాదికి పన్నులో 252 పౌండ్ల వరకు మిగులుతుంది. ఆ కాస్త డబ్బుతో కాపురాలు నిలబడతాయని నేను అనుకోను గాని, ఇంటి చాకిరీని చట్టం గుర్తించాలన్న వాదన మాత్రం న్యాయమైనదే.

2025 బడ్జెట్‌కు ముందు చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ కూడా దంపతులకు ఉమ్మడి రిటర్ను, అంటే ఇద్దరి ఆదాయానికీ కలిపి ఒకే పన్ను లెక్క, సూచించింది. మీ సంఘం ఆర్థిక మంత్రిత్వ శాఖకు వినతిపత్రం పంపదలిస్తే, క్రైస్తవులకని కాక దంపతులందరికీ అడగండి.