స్ప్రింగ్‌ఫీల్డ్ బయల్దేరిన అమ్మడికి

అమ్మడూ,

రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఉండే ఇల్లినాయ్ రాష్ట్ర ప్రతినిధుల సభకి నిలబడుతున్నావట. మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది, దానికి ఏడుపొక్కటే తక్కువ. నాకు గర్వమూ గుండెదడా రెండూ ఒకేసారి వచ్చాయి. పెద్దమ్మకి ఒక్క ముక్క చెప్పాలని తోచలేదూ? సరే, పండక్కి వస్తావుగా, అప్పుడు తేలుస్తా.

నామినేషన్‌కి 500 మంది ఓటర్ల సంతకాలు చాలంటారు. నువ్వు వెయ్యి పట్టుకురా. ప్రతి కాగితానికీ నోటరీ ఉందో లేదో చూసుకో. 1996లో ఒబామా స్టేట్ సెనేట్‌కి, అంటే రాష్ట్ర ఎగువ సభకి దిగినప్పుడు ప్రత్యర్థుల సంతకాలు జల్లెడ పట్టించి, ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని తేల్చే ఎన్నికలో, ఒక్కరినీ మిగల్చలేదు. నీవీ పడతారు.

నాకు నిద్ర పట్టనిది మాత్రం దీనిగురించి కాదు. 1999 డిసెంబరు చివర్లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో తుపాకుల్ని కట్టడి చేసే బిల్లు ఓటుకొచ్చింది. ఒబామా కుటుంబంతో హవాయిలో ఉన్నాడు, ఏడాదిన్నర పాపకి ఒంట్లో బాలేదు. రాలేకపోయాడు. బిల్లు కొద్ది ఓట్లలో పోయింది. అప్పటికే ఆయన అమెరికా కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు సీటుకి, ఆ సీట్లో ఉన్న బాబీ రష్ మీద పోటీలో ఉన్నాడు. ఆ రష్ కొడుకుని రెండు నెలల ముందే ఎవరో కాల్చి చంపారు. ఇంక జనం ఊరుకుంటారా? పత్రికలు దులిపేశాయి. మార్చి ప్రైమరీలో రష్‌కి 61 శాతం, ఈయనకి 30. ఓటమికి అదొక్కటే కారణం కాదులే, రష్ పాతుకుపోయినవాడు. అయినా ఆ గైర్హాజరీ ఆయన్ని వదల్లేదు.

జబ్బుపడ్డ పిల్లని వదిలి రాకపోవడం తప్పంటే నేనొప్పుకోను. అనేవాళ్లు ఏ రాత్రీ పిల్లల పక్కన మేలుకుని ఉండరు. సభ ఎప్పుడు ఓటుకి పిలుస్తుందో తెలియనప్పుడు అంత దూరం వెళ్లడమే పొరపాటు. నువ్వు కదల్లేని రోజొస్తే, ఎందుకు రాలేదో ఆ పూటే నీ నోటితో జనానికి చెప్పు. ఎదుటివాడు చెప్పేదాకా ఆగకు.

ఆయన మళ్లీ ఆ స్టేట్ సెనేట్ కుర్చీలోనే కూర్చుని పనిచేశాడు. హత్య కేసుల్లో పోలీసు విచారణ రికార్డు చెయ్యాలన్న బిల్లు 2003లో ఆయన తెచ్చిందే. 2004లో అమెరికా సెనేట్‌కి గెలిచాడు. నువ్వూ తొందరపడకు తల్లీ.

మీ బుడ్డోడికి ఆయాసం వస్తే పెదాలు నీలంగా మారడం నేను చూశాను. నేపర్‌విల్‌లో మీ ఇంటికి రావాలంటే స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి నీకు మూడు గంటల ప్రయాణం, మా ఇంటి నుంచి నాకు పది నిమిషాలు. సమావేశాలున్నన్నాళ్లూ మీ ఇంట్లోనే ఉంటా. వాడి మందులు, నెబ్యులైజర్ మోతాదు రాసి పంపు. మీ ఆయన్ని రాయమనకు, వాడి చేతిరాత నాకర్థం కాదు.

మీ పెద్దమ్మ