1948కి ముందు మీ ఊరు ఎవరి కింద ఉండేది?

నల్లగొండ జిల్లాలోని మీ ఊరి చరిత్ర రాయాలని ఉందని, హైదరాబాద్‌లో ఎక్కడికి వెళ్లి ఊరి పేరు చెబితే పాత కాగితాలు చూపిస్తారని అడిగారు. మా తాతగారి ఊరి చెరువు సంగతి వెతుకుతూ నేనూ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్లాను. అక్కడ ఊరి పేరు ఒక్కటే చెబితే పని జరగదు. కాగితాలను ఊళ్లవారీగా కాక, అవి ఏ శాఖలో పుట్టాయో ఆ శాఖ కింద భద్రపరుస్తారు. అందుకే బయలుదేరకముందే నిజాం కాలంలో మీ ఊరు ఎవరి అధీనంలో ఉండేదో తేల్చుకోండి.

నేరుగా సర్కారుకు శిస్తు కట్టేవి దివానీ గ్రామాలు. నిజాం సొంత ఆస్తిగా ఉన్నవి సర్ఫెఖాస్. ఇవి కాక పాయిగాలు (నిజాంకు దగ్గరి ప్రభువుల కుటుంబాల ఎస్టేట్లు), సంస్థానాలు (స్థానిక రాజుల కింద ఉన్నవి), జాగీర్లు (శిస్తు వసూలు హక్కుతో ఇతరులకు ఇచ్చిన గ్రామాలు). 1949లో జాగీర్లు రద్దయ్యేదాకా వాటి పాలన, లెక్కాపత్రం వేరుగా నడిచాయి. దివానీ రికార్డుల్లో జాగీరు గ్రామం కోసం వెతికితే రోజులు వృథా అవుతాయి. ఈ సంగతి ఊళ్లో వృద్ధులకు తెలిసే ఉంటుంది. రెవెన్యూ కార్యాలయంలో సేత్వార్ (సర్వే నాటి భూమి రికార్డు), 1954-55 నాటి ఖాస్రా పహాణీ (భూమి, సాగు వివరాల రికార్డు) నకళ్లు కూడా అడిగి తీసుకోండి. ఖాస్రాలో పట్టాదారు పేరుతోపాటు నిజంగా సాగుచేస్తున్నవారి పేరూ ఉంటుంది. ఊరి చరిత్రకు నా దృష్టిలో అంతకు మించిన మొదటి మెట్టు లేదు.

ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబు కాలం నాటి దక్కన్ పత్రాలు కూడా ఉన్నాయి. అవి పారశీకంలో, అదీ గొలుసుకట్టు రాతలో ఉంటాయి. 1880ల నుంచి పాలన ఉర్దూలోకి మారింది కాబట్టి మీకు పనికొచ్చేవి ఎక్కువగా ఉర్దూ ఫైళ్లే. తేదీలు ఫసలీలో, అంటే శిస్తు లెక్కకు వాడిన సంవత్సరాల్లో ఉంటాయి. మన సంవత్సరం కోసం 590 కలుపుకోండి, 1340 ఫసలీ అంటే 1930-31.

ఉర్దూ చదవగలిగే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు నాకు తోడు వచ్చారు. మాకు దొరికిన ఫైలులో రైతుల అర్జీ ఒకటి ఉంది. తూము పగిలి నీళ్లు వృథాగా పోతున్నాయని, శిఖం భూమిలో (చెరువు నీరు నిలిచే నేలలో) ఎవరో సాగు మొదలుపెట్టారని ఫిర్యాదు. దాని వెనుక తహసీల్దారు నివేదిక, మరమ్మతు అంచనా, అంచుల్లో అధికారుల ఉత్తర్వులు. అర్జీ మొత్తం ఉర్దూలోనే ఉన్నా చివర సంతకాల్లో కొన్ని తెలుగులో ఉన్నాయి. మిగిలినవి వేలిముద్రలు. ఒక్కో వేలిముద్ర పక్కన ‘ఫలానా వల్ద్ ఫలానా’ అని తండ్రి పేరుతో సహా రాసి ఉంది. మాస్టారు నెమ్మదిగా చదువుతుంటే మా బంధువుల ఇంటిపేర్లు ఒక్కొక్కటే బయటపడ్డాయి. మరమ్మతు ఖర్చు మాత్రం సియాఖ్ లెక్కల గుర్తుల్లో ఉండడంతో ఆయనకూ అంతుపట్టలేదు. దానికి పారశీకం తెలిసినవారు కావలసి వచ్చింది.

అయితే సర్కారు కాగితం ఊరిని శిస్తు కళ్లతోనే చూస్తుంది. భూమి లేనివారు, వెట్టి చేసినవారు, ఆడవాళ్లు అందులో కనిపించడం అరుదు. ఆ లోటు పూడ్చడానికి పాత పత్రికలు చూడాలి. సురవరం ప్రతాపరెడ్డి సంపాదకుడిగా 1926లో మొదలైన గోలకొండ పత్రికలో పల్లెల కష్టాలు కనిపిస్తాయి. సుల్తాన్‌బజార్‌లో 1901లో స్థాపించిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయాన్నీ, ఒకప్పుడు ఆసఫియా అని పేరున్న అఫ్జల్‌గంజ్ కేంద్ర గ్రంథాలయాన్నీ తప్పక చూడండి. నల్లగొండ జిల్లా శాసనాల సంపుటాలు అచ్చులో ఉన్నాయి. మీ ఊరి గుడి దగ్గర రాతి శాసనం ఉంటే ముందు వాటిలో చూసుకోండి. మెకంజీ కైఫియత్తుల (కాలిన్ మెకంజీ సేకరింపజేసిన గ్రామ చరిత్రల) గురించి చాలామంది చెబుతారు గానీ, అవి ఎక్కువగా కోస్తా, రాయలసీమ గ్రామాలవి.

మరో మాట. ఊళ్లో ఎవరి పెట్టెలోనైనా పాత పట్టాలు, రశీదులు దొరికితే దయచేసి లామినేషన్ చేయించకండి. ఆ వేడికి, జిగురుకు కాగితం పాడవుతుంది, మళ్లీ విడదీయడం కుదరదు. పగటి వెలుతురులో ఫొటో తీసి, ఉతికిన నూలుగుడ్డలో మడత పడకుండా పెట్టమనండి.

తార్నాక వచ్చేటప్పుడు గుర్తింపు కార్డు, వచ్చిన పని తెలిపే ఉత్తరం తెచ్చుకోండి. చూసిన ప్రతి ఫైలు నంబరూ రాసుకోండి. మీ ఊరు దివానీయో జాగీరో తేలాక ఇక్కడే రాయండి, ఏ శాఖ జాబితాతో మొదలుపెట్టాలో చెబుతాను.