ఒక్కరోజు తప్పితే అంతా పోయినట్టేనా?

ప్రశ్న: ఉత్సాహంగా వ్యాయామం మొదలుపెడతాను. రోజూ గంట చొప్పున పది రోజులు చేస్తాను. ఒకరోజు తప్పగానే నన్ను నేను తిట్టుకుని పూర్తిగా మానేస్తాను. ఏం చేయాలి? - ఒక పాఠకురాలు

జవాబు: మీలో లోపమేమీ లేదండీ, గంటతో మొదలుపెట్టడమే ఎక్కువైంది. అలవాటు లేని కండరాలకు పని పెంచితే నొప్పి మర్నాడు మొదలై రెండు మూడు రోజులు ఉంటుంది. దానికి నిద్రలేమో, పని ఒత్తిడో తోడైతే శరీరం మొరాయిస్తుంది.

మొదటి రెండు వారాలు పది నిమిషాల నడక చాలు. అదీ రోజూ చేసే ఒక పనికి ముడిపెట్టండి: పళ్లు తోముకోగానే బూట్లు వేసుకోవడం. బూట్లు రాత్రే తలుపు దగ్గర, మేజోళ్లు వాటిలోనే పెట్టి ఉంచండి. పొద్దున వెతుక్కునే ఆ రెండు నిమిషాల్లోనే మనసు మారిపోతుంది. తర్వాత వారానికి రెండు మూడు నిమిషాలు పెంచండి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. ఆ వేగం సరిపోతుంది. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అక్కడికి మెల్లగా చేరవచ్చు.

ఇక తప్పిన రోజు సంగతి. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు గమనిస్తే, అలవాటు కుదరడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18, కొందరికి 254 అని అంచనా. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద తేడా రాలేదు. కాబట్టి మర్నాడు రెట్టింపు చేయకండి, గాయాలు అక్కడే మొదలవుతాయి. మామూలుగా పది నిమిషాలే నడవండి. అదే మీ స్నేహితురాలికి తప్పితే ఏమంటారో, ఆ మాటే మీతో మీరు అనుకోండి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే మాత్రం ఆపేసి వెంటనే డాక్టరుకు చూపించుకోండి.