బేత్లెహేము గేటు దగ్గర ఆ వరుస ఎవరిది?

ప్రశ్న: 2019లో మా సంఘస్థులతో కలిసి పరిశుద్ధ దేశ యాత్రకు వెళ్లాను. బస బేత్లెహేములో ఇచ్చారు. తెల్లవారకముందే యెరూషలేముకు బయలుదేరితే, గోడ దగ్గర ఒక సైనికురాలు బస్సెక్కి మా పాస్‌పోర్టుల అట్టలు చూసి దిగిపోయింది. పక్కనే వందలాది మగవాళ్లు ఇనుప కమ్మీల మధ్య నిలబడి ఉన్నారు. మాకు లేని తనిఖీ వారికెందుకు? ఇప్పటికీ అలాగే ఉందా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీరు చూసినది రాహేలు సమాధికి దగ్గరలోని చెక్‌పోస్టు; దానికి ‘300’ అనే అంకె పేరుగా స్థిరపడిపోయింది. ఆ వేళకు అక్కడ నిలబడేవారిలో అత్యధికులు ఇజ్రాయెల్‌లో భవన నిర్మాణ పనులకు వెళ్లే పాలస్తీనా కూలీలు, మేస్త్రీలు. వరుస ఎంతసేపట్లో కదులుతుందో ఎవరికీ ముందుగా తెలియదు కనుక, పని ఉదయం ఏడింటికే అయినా మూడు, నాలుగు గంటలకల్లా వచ్చి చేరేవారు. హెబ్రోను వైపు పల్లెల వారైతే ఇంకా ముందే ఇల్లు విడిచేవారు. కమ్మీల సందులో నడిచి, ఒక్కొక్కరినే వదిలే తిరుగుడు గేటు దాటి, బెల్టూ సంచీ స్కానర్‌లో పెట్టి, చివరకు కార్డు చూపాలి. బేత్లెహేము, హెబ్రోను ఉన్న పాలస్తీనా ప్రాంతాన్ని వెస్ట్‌బ్యాంక్ అంటారు; అక్కడి పాలస్తీనా నంబరు పలక ఉన్న బండిని ఇజ్రాయెల్‌లోకి రానివ్వరు కాబట్టి అందరూ కాలినడకన దాటి, అవతల ఆగి ఉన్న వ్యాన్లు ఎక్కవలసిందే.

అయితే అసలు తనిఖీ గేటుకు చాలా ముందే, పర్మిట్ ఇచ్చే సైనిక పాలనా విభాగంలోనే జరిగిపోతుంది. 1967 యుద్ధంలో వెస్ట్‌బ్యాంక్ ఇజ్రాయెల్ సైన్యం చేతికి వచ్చిన తరువాత చాలా ఏళ్లు అక్కడివారు పెద్దగా అడ్డు లేకుండానే పనులకు వెళ్లి వచ్చారు. 1991లో మనిషికో పర్మిట్ ఉండాలన్నారు, 1993 మార్చిలో పర్మిట్ లేనివారికి దారి మూసేశారు. ‘భద్రతా కారణం’ అన్న ఒక్క మాటతో దరఖాస్తు తిరస్కరిస్తే, ఆ కారణమేమిటో దరఖాస్తుదారుకు తరచుగా తెలియనే తెలియదు. పర్మిట్లు ఇప్పిస్తామని నెలనెలా కూలిలో పెద్ద వాటా గుంజే దళారులూ పుట్టుకొచ్చారు (దళారులు లేని పర్మిట్ ఏ దేశంలో ఉంది కనుక!). యెరూషలేములో ఉండే పాలస్తీనీయులకు నీలం అట్ట కార్డు, వెస్ట్‌బ్యాంక్ వారికి ఆకుపచ్చది. భార్యకు ఒకటి, భర్తకు మరొకటి ఉన్న ఇళ్లలో కలిసి కాపురం చేయడానికి కూడా అనుమతి కావాలి.

2000 తరువాత జరిగిన ఆత్మాహుతి దాడులను ఆపడానికే 2002లో గోడ మొదలుపెట్టామనీ, దాడులు తగ్గడమే దానికి రుజువనీ ఇజ్రాయెల్ వాదన. ఆ దాడుల్లో పోయిన ప్రాణాలు చిన్న విషయం కాదు. కానీ గోడ దారిలో సుమారు 85 శాతం సరిహద్దు మీద కాక వెస్ట్‌బ్యాంక్ లోపలే పడుతుంది. అలా కట్టడం చట్టవిరుద్ధమని 2004 జూలైలో అంతర్జాతీయ న్యాయస్థానం సలహాపూర్వక అభిప్రాయం ఇచ్చింది. నాకు ఈ రెండో మాటే బరువైనదిగా తోస్తుంది, ఎందుకంటే ఊరికీ దాని పొలానికీ మధ్య గోడ పడినచోట, సొంత ఒలీవ చెట్ల దగ్గరకు పోవడానికి కూడా రైతు పర్మిట్ తెచ్చుకోవాలి.

రోగుల పాట్లు వేరు. పాలస్తీనా అంబులెన్సును సాధారణంగా యెరూషలేములోకి వదలరు. చెక్‌పోస్టు దగ్గర రెండు అంబులెన్సులను వెనుక తలుపులు ఎదురెదురుగా వచ్చేలా నిలిపి, సెలైన్ సీసా పట్టుకుని మరీ రోగిని ఒకదానిలో నుంచి మరొకదానిలోకి మారుస్తారు. అవతలి వాహనం వచ్చేదాకా ఇవతలిది ఆగవలసిందే. ఇలాంటివి గమనించి రాసిపెట్టడానికే కొందరు ఇజ్రాయెలీ మహిళలు 2001లో ‘మఖ్సోమ్ వాచ్’ అనే సంస్థను ఏర్పాటు చేసుకుని, చెక్‌పోస్టుల దగ్గర నిలబడుతూ వచ్చారు.

ఇప్పటి సంగతి అడిగారు. 2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్ మీద హమాస్ చేసిన దాడి తరువాత పని పర్మిట్లలో అత్యధికం నిలిపివేశారు. అందువల్ల మీరు చూసినంత వరుస ఆ గేటు దగ్గర లేకుండాపోయింది, లక్షకు పైగా కూలీల ఇళ్లకు ఆ రాబడి ఆగిపోయింది. మరోవైపు వెస్ట్‌బ్యాంక్ లోపల ఊరికీ ఊరికీ మధ్య ఇనుప గేట్లు, మట్టి దిబ్బలు పెరిగాయి. చెక్‌పోస్టులతో కలిపి ఇలాంటి అడ్డంకులు 800 పైచిలుకు ఉన్నట్లు 2025లో ఐక్యరాజ్యసమితి మానవతా విభాగం లెక్కకట్టింది.