కిసింజర్ పద్ధతికి మూడు హీటింగ్ రేట్లు సరిపోతాయా?

గాజును వేర్వేరు రేట్లలో వేడి చేసి, స్ఫటికీకరణ పీక్ (వేడి అత్యధికంగా వెలువడే ఉష్ణోగ్రత) ఎంత జరిగిందో చూసి యాక్టివేషన్ ఎనర్జీని, అంటే ఆ మార్పుకు దాటాల్సిన శక్తి అడ్డంకిని, లెక్కకట్టేది కిసింజర్ పద్ధతి. దానికి నిమిషానికి 5, 10, 20 డిగ్రీలు, ఈ మూడు రేట్లు చాలునా అని అడిగారు. చాలవు. అయితే నా బెంగ రేట్ల గురించి కాదు, మీరు నూరే గాజు పొడి గురించి.

విశాఖపట్నంలో నేను పరిశోధన చేస్తున్నప్పుడు మా ల్యాబ్‌లో ఒక జూనియర్ బోరేట్ గాజు మీద పనిచేసేవాడు. వేడి చేస్తూ శాంపిల్ విడిచే, పీల్చే వేడిని కొలిచే డీఎస్సీ యంత్రం మాది కాదు. వేరే చోట వంతు దొరికిన రోజునే పరుగెత్తాలి, వెళ్ళాక నైట్రోజన్ సిలిండర్ ఖాళీ అయిందంటే తిరిగి రావాలి. మొదటి వంతులో 5, 10 రేట్లు ముగించాడు. రెండో వంతు వచ్చేసరికి వానాకాలం. మన సముద్రపు గాలికి డెసికేటర్‌లోని సిలికా జెల్ చూస్తుండగానే గులాబీ రంగుకు తిరిగేది, పాత పొడి చెమ్మ పట్టి పాడయింది. కొత్తగా నూరాడు, కానీ ఈసారి తొందరలో బరకగానే వదిలేసి 15, 20 రేట్లు కానిచ్చాడు.

ఆ గాజు ఉపరితలం నుంచి స్ఫటికీకరిస్తుంది. పొడి ఎంత మెత్తగా ఉంటే పీక్ అంత ముందుగా వస్తుంది. నాలుగు రేట్ల గ్రాఫ్ తెచ్చి, "అన్నా, కోరిలేషన్ 0.98!" అన్నాడు, అంటే బిందువులు దాదాపు ఒకే గీత మీద ఉన్నాయని. కొత్త పొడిని కూడా 10 రేటులో పెట్టించి, పాత పొడికి అదే రేటులో వచ్చిన పీక్‌తో పోల్చాను. పీక్‌ల మధ్య పది డిగ్రీలకు పైగా తేడా! కాసేపు ఇద్దరం తెరవంక చూస్తూ ఉండిపోయాం.

మీరే లెక్క వేయండి. 780 కెల్విన్ దగ్గర పీక్, ఎనర్జీ మోల్‌కు 300 కిలోజౌల్స్ అనుకుంటే, 5 నుంచి 20కి వెళ్ళినా పీక్ జరిగేది 23 డిగ్రీలే. 15, 20 రేట్ల పీక్‌లకు పదేసి డిగ్రీలు కలపండి. గీత అప్పుడూ 0.98తోనే వస్తుంది, ఎనర్జీ మాత్రం 190 దగ్గరకు దిగిపోతుంది. ఇక 190.87 అని దశాంశాలతో సహా థీసిస్‌లో రాసేవారిని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పొడి ఏ జల్లెడలో పట్టారో ఒక్క ముక్క ఉండదు!

కాబట్టి ఒకే జల్లింపు, ఒకే బరువు. రేట్లు 2 నుంచి 40 దాకా తీసుకుంటే పీక్ 50 డిగ్రీల వరకు జరుగుతుంది, రెండు డిగ్రీల పొరపాటు అంతగా బాధించదు. ఎక్కువ రేటులో శాంపిల్ వెనకబడుతుంది కనుక ప్రతి రేటుకూ ఇండియం లోహంతో, అది కరిగే 156.6 డిగ్రీల దగ్గర, కాలిబ్రేషన్ చేయించండి. ఆపరేటర్ విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.

ఇదంతా వేడి చేసేటప్పటి సంగతి. కిసింజర్ 1957లో ఈ సమీకరణాన్ని వేడికి విఘటనమయ్యే ఖనిజాల కోసం రాశాడు. కొందరు పాలిమర్‌ను కరిగించి చల్లార్చేటప్పుడు కూడా ఇదే వాడుతున్నారు. ఈ సమీకరణంలో రేటుకు లాగరిథమ్ తీయాలి; చల్లార్చేటప్పుడు రేటు రుణాత్మకం, దానికి లాగరిథమ్ ఎలా తీస్తారు? మైనస్ గుర్తు చెరిపేసి తీస్తున్నారు!