అలర్జీ షాట్ల చార్టు చేతికొచ్చిన మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా అలర్జీ క్లినిక్ చార్టులకు కోడ్లు, అంటే ఏ సేవ చేశారో ఇన్సూరెన్సుకు చెప్పే అంకెలు, వేసే పని నీకు అప్పగించారన్నావు. అలర్జీ తెచ్చే పదార్థాన్నే కొద్దికొద్దిగా పెంచుతూ ఎక్కించే సూదులే అలర్జీ షాట్లు. చూడ్డానికి ఇంత చిన్న పని ఉండదు. నర్సు సూది వేస్తుంది, నువ్వు కోడ్ వేస్తావు. కానీ ఇందులో ఉన్నవి రెండు పనులమ్మా. మందు కలిపి సీసాలో పెట్టడం ఒకటి, ఆ మందును చేతికి ఎక్కించడం మరొకటి. కోడ్లు వేరు, లెక్కపెట్టే తీరూ వేరు. ఈ రెండు లెక్కలూ కలగాపులగం అయిన చోటే క్లెయిములు, అంటే ఇన్సూరెన్సుకు పంపిన బిల్లులు, వెనక్కి తిరిగొస్తాయి.

సూది లెక్క ముందు చెప్తాను, ఇది తేలిక. ఒక్క సూదికి 95115. రెండుగాని అంతకు మించిగాని వేస్తే 95117, అదీ ఒక్కటే యూనిట్. మూడు సూదులు వేశారని మూడు యూనిట్లు పెట్టకు. 95115 ఒకటి, మిగతావాటికి 95117 అంటూ రెండూ కలిపి పెట్టడం ఇంకో పొరపాటు. మందు ఖరీదు ఈ కోడ్లలో లేదు. పేషెంటు వేరే డాక్టర్ దగ్గర కలిపించుకున్న సీసా తెచ్చుకుంటే, ఈ క్లినిక్ బిల్లు వేయాల్సింది సూదికి మాత్రమే. షెడ్యూల్ చూసి కోడ్ వేసే అలవాటు అసలు వద్దు. రెండు సూదులు అనుకుని, మొదటిదానికే చెయ్యి బాగా వాచి రెండోది ఆపేస్తే ఆ రోజు కోడ్ 95115. నర్సు వేసినట్టు రాసిందే లెక్క.

మందు కలపడానికి 95165. అసలు చిక్కంతా ఇక్కడే. దీనికి యూనిట్ అంటే ఒక డోసు. డోసు అంటే ఎంత అన్నదగ్గరే ఇన్సూరెన్సులు విడిపోతాయి. కోడ్ పుస్తకం ప్రకారం ఒకసారి సూదిలో ఎక్కించే మొత్తమే డోసు. మెడికేర్‌కు, అంటే అమెరికా ప్రభుత్వం ముఖ్యంగా వృద్ధులకు ఇచ్చే ఇన్సూరెన్సుకు మాత్రం ఒక మిల్లీలీటరు ఒక డోసు. పది మిల్లీలీటర్ల సీసాలోంచి అర మిల్లీలీటరు చొప్పున ఇరవై సూదులు వేసినా మెడికేర్‌కు వేయాల్సింది 10 యూనిట్లే. ఐదు మిల్లీలీటర్ల సీసా కలిపితే 5. ఆ చిక్కటి మందులోంచి కొంచెం తీసి పలచన చేసిన సీసాలు, అంటే పసుపు, నీలం, ఆకుపచ్చ మూతలవి, వాటికి ఆ పదికి మించి అడగకూడదు. ఎర్ర మూత చిక్కటిది, పసుపు పదో వంతు, నీలం నూరో వంతు, ఆకుపచ్చ వెయ్యో వంతు. ఈ రంగులు గుర్తుంటే చార్టు సగం అర్థమైనట్టే. ప్రైవేటు ఇన్సూరెన్సులు తమ డోసు లెక్కనూ ఏడాది పరిమితినీ తామే పెట్టుకుంటాయి. ఒక్కోదాని పాలసీ కాగితం తెప్పించి దగ్గర పెట్టుకో. మెడికేర్ లెక్కను అందరికీ అంటగడితే క్లినిక్‌కు నష్టం, వేరేవాళ్ల లెక్క మెడికేర్‌కు పెడితే ఆడిట్‌లో డబ్బు వెనక్కి కట్టాలి.

ఒకే పేషెంటుకు రెండు సీసాలు కనిపిస్తే కంగారుపడకు. బూజు, బొద్దింకల నుంచి తీసిన సారాల్లోని ఎంజైములు పుప్పొడి ప్రొటీన్లను విరగ్గొడతాయి, అందుకే విడివిడిగా కలుపుతారు. రెండు పది మిల్లీలీటర్ల సీసాలైతే మెడికేర్‌కు 20 యూనిట్లు. అయితే ఏ సీసాలో ఏ సారం ఎంత పోశారు, ఎప్పుడు కలిపారు, ఎవరు కలిపారు, గడువు ఎప్పటిదాకా అన్న పట్టిక ఉండాలి. పేషెంటును పరీక్షించి చికిత్స నిర్ణయించిన డాక్టరే మందు తయారుచేయించి ఉండాలి, ఒక్కసారిగా పన్నెండు నెలలకు మించి సరఫరా కుదరదు. సింగిల్ డోసు సీసాల కోడ్ 95144, మందు ఒకరు కలిపి సూది వేరే చోట వేసేటప్పుడే పనికొస్తుంది. 95120 నుంచి 95134 వరకు మందు, సూది కలిపిన కోడ్లు మెడికేర్‌కు 1995 నుంచి చెల్లవు. తేనెటీగ, కందిరీగ విషాలకు వేరే వరుస ఉంది, 95145 నుంచి 95149 దాకా, ఎన్ని విషాలో దాన్నిబట్టి.

ఇక చార్టు. ప్రతి సూదికీ సీసా పేరు, మూత రంగు, ఎన్ని మిల్లీలీటర్లు, ఏ చెయ్యి, ఎన్ని గంటలకు, వేసినవాళ్ల సంతకం ఉండాలి. సూదికి ముందు అడిగినవీ ఉండాలి: పోయినసారి వాచిందా, ఉబ్బసం అదుపులో ఉందా, బీపీకి, గుండెకు వాడే బీటా బ్లాకర్ లాంటి కొత్త మందు మొదలైందా. ఆ తర్వాత 30 నిమిషాలు కూర్చోబెట్టి చూసినట్టు, ఉబ్బు ఎన్ని మిల్లీమీటర్లో రాయాలి. "బాగానే ఉంది" అన్న ఒక్క మాట ఆడిట్‌లో నిలబడదు. పేషెంటు మూడు వారాలు రాకపోతే డోసు తగ్గించారా లేదా, ఏ నియమం ప్రకారం అన్నదీ కావాలి. ఆ రోజు పర్యవేక్షించిన డాక్టర్ పేరు చూసుకో. ఖాళీగా వదిలిన గడి నువ్వు నింపకు, క్లినిక్‌కు ప్రశ్న పంపు. వాళ్లు చేర్చేది ఆ రోజు తేదీతో, సంతకంతో అదనపు నోటుగా రావాలి.

సూది కోసం వచ్చిన పేషెంటుకు విజిట్ కోడ్ కూడా వేయాలని క్లినిక్‌లు తొందరపెడతాయి. సూదికి ముందు అడిగే ప్రశ్నలు సూది కోడ్‌లోవే, వాటికి చిన్న విజిట్ కోడ్ 99211 వేయడం తప్పు. ఉబ్బసం పెరిగిందని డాక్టర్ విడిగా చూసి మందు మార్చి నోటు రాస్తే అప్పుడు విజిట్ కోడ్, దానికి 25 మాడిఫైయర్, అంటే అదే రోజు విడిగా చేసిన పని అని చెప్పే గుర్తు. సూది వికటించి ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం వచ్చినప్పుడు డాక్టర్ చేసిన పని కూడా ఇలాంటిదే. అప్పుడు ఇచ్చే అత్యవసర మందు ఎపినెఫ్రిన్ 0.1 మిల్లీగ్రాము చొప్పున యూనిట్ కనుక 0.3 మిల్లీగ్రాము ఇస్తే 3 యూనిట్లు. ఆ మందు కోడ్ మాత్రం ఆ ఏడాది జాబితాలో చూసి వేయి, మారుతుంటాయి.

జబ్బు కోడ్ దగ్గర బద్ధకం వద్దు. పుప్పొడికి జె30.1, పిల్లి కుక్కల బొచ్చుకు జె30.81, దుమ్ముపురుగులకు జె30.89. చర్మపరీక్షలో కారణం తేలాక కూడా కారణం చెప్పని జె30.9 పెట్టడమంటే డినయల్‌ను, అంటే బిల్లు తిరస్కరణను, పిలిచినట్టే. ఒకటి మాత్రం చెప్పి ఆపుతాను. ఉబ్బసం లాంటివాటికి ఇచ్చే ఒమాలిజుమాబ్ అనే మందు కూడా అలర్జీ క్లినిక్‌లోనే వేస్తారు కదాని దానికి 95115 వేసేవాళ్లున్నారు. అది అలర్జీ షాట్ కాదు. మందుకు జె2357, ఐదు మిల్లీగ్రాములకు ఒక యూనిట్, 150 ఇస్తే 30. సూదికి మామూలు మందుల సూది కోడ్ 96372.